ఎర్రమట్టిపై రెండో స్థానం ఎవరిది?

పురుషుల టెన్నిస్‌లో మట్టి కోర్టుపై అందరికన్నా గొప్ప ఆటగాడు ఎవరన్న దానిపై ఇప్పుడు పెద్దగా వాదన లేదు. రఫెల్ నాదల్ 2005కూ 2022కూ మధ్య ఫ్రెంచ్ ఓపెన్‌ను 14 సార్లు గెలిచాడు. ఫైనల్ చేరిన 14 సార్లూ ట్రోఫీతోనే తిరిగి వెళ్లాడు. ఆ టోర్నీ జరిగే ప్యారిస్ వేదిక రోలాండ్ గారోస్‌లో ఆడిన 116 మ్యాచ్‌లలో ఓడినవి నాలుగే. ఈ అంకెల ముందు మరో పేరు నిలబడదు కాబట్టి చాలా జాబితాలు మొదటి స్థానంలో నాదల్‌ను రాసి, తక్కిన వారిని ఫ్రెంచ్ ఓపెన్ టైటిళ్ల సంఖ్యను బట్టి వరుసగా పేర్చేస్తాయి. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ లెక్క ప్రకారం మాట్స్ విలాండర్, ఇవాన్ లెండిల్, గుస్తావో కుయెర్టెన్, నొవాక్ జొకోవిచ్ మూడేసి టైటిళ్లతో ఒకే మెట్టు మీద నిలుస్తారు. కానీ వారికి ఎదురైన ప్రత్యర్థులు వేరు, వారు ఆడిన కాలాలు వేరు, పైస్థాయిలో నిలిచిన ఏళ్ల సంఖ్య వేరు. ఎన్ని గెలిచాడన్న దానితో పాటు, గెలవకుండా ఆపిన వాడు ఎవరు, అవకాశమే దక్కని సంవత్సరాలు ఎన్ని అన్నవి కూడా తూకంలోకి వస్తేనే రెండో స్థానం నుంచి కింది వరుస న్యాయంగా కుదురుతుంది.

మట్టికి విడిగా ఒక జాబితా ఎందుకు కావాలో ముందు చూడాలి. రోలాండ్ గారోస్ కోర్టులో పైకి కనిపించే ఎరుపు, ఒకటి రెండు మిల్లీమీటర్ల మందం మాత్రమే ఉండే ఇటుక పొడి. దాని కింద సున్నపురాయి పొర, ఆ కింద ఇంకా ముతక పొరలు ఉంటాయి. ఆ పొడి బంతిని పట్టి ఆపుతుంది. బంతి ముందుకు దూసుకుపోయే వేగం తగ్గి, పైకి లేచే ఎత్తు పెరుగుతుంది. గడ్డి మీద తిరుగులేని పాయింటు తెచ్చే సర్వీసు ఇక్కడ తిరిగి వస్తుంది, నెట్ దగ్గరికి పరుగెత్తిన ఆటగాడి పక్క నుంచి బంతిని కొట్టడానికి ప్రత్యర్థికి తగినంత సమయం దొరుకుతుంది. అందుకే 14 గ్రాండ్‌స్లామ్‌లు గెలిచిన పీట్ సంప్రాస్ ఇక్కడ ఒక్కసారి కూడా ఫైనల్ చేరలేదు. బోరిస్ బెకర్ తన కెరీర్ మొత్తంలో మట్టి మీద ఒక్క టైటిల్ కూడా గెలవలేదు. కాళ్లలో సత్తువ, జారుతూ ఆగి మళ్లీ లేచే ఒడుపు, ఒకే పాయింటును ఇరవై సార్లు మళ్లీ మళ్లీ నిర్మించుకునే ఓర్పు ఇక్కడ ప్రతిభకు కొలతలు. ఒక్క మెరుపు దెబ్బతో అయిదు సెట్ల మ్యాచ్‌ను దాటేయడం మిగతా చోట్ల కంటే ఇక్కడ కష్టం కాబట్టి, మట్టి మీద ఫలితాలు ఆటగాళ్ల అసలు బలాబలాలను ఎక్కువ నమ్మకంగా చూపిస్తాయి.

ఈ ఉపరితలం కోరే గుణాలన్నీ నాదల్‌లో ఒకేచోట కలిశాయి. ఎడమచేతి ఫోర్‌హ్యాండ్‌తో అతడు టాప్‌స్పిన్ ఇచ్చి, అంటే ముందుకు గిర్రున తిరిగేలా కొట్టిన బంతి, కుడిచేతి ఆటగాడి బ్యాక్‌హ్యాండ్ వైపు భుజం ఎత్తుకు లేచేది. ఒంటిచేతి బ్యాక్‌హ్యాండ్ ఆడేవారికి ఆ ఎత్తులో బలంగా కొట్టడం దాదాపు అసాధ్యం. 2005 ఏప్రిల్ నుంచి 2007 మే వరకు మట్టి మీద అతడు వరుసగా 81 మ్యాచ్‌లు గెలిచాడు. మాంటెకార్లోలో 11, బార్సిలోనాలో 12, రోమ్‌లో 10 టైటిళ్లు అతడివి. మొత్తం మట్టి టైటిళ్లు 63. 2006 రోమ్ ఫైనల్లో రోజర్ ఫెడరర్ మీద రెండు మ్యాచ్ పాయింట్లను (ఆ ఒక్క పాయింటు పోతే మ్యాచే పోయే స్థితి) కాచుకుని, అయిదు గంటలకు పైగా పోరాడి గెలవడం అతడి పట్టుదలకు నిదర్శనం. 2008 ఫ్రెంచ్ ఓపెన్ ఫైనల్లో అదే ఫెడరర్‌ను 6-1, 6-3, 6-0తో ఓడించడం అతడి ఆధిక్యానికి నిదర్శనం. ఆ రోజు ఫెడరర్ ప్రపంచ నంబర్ వన్ అన్న సంగతి గుర్తు పెట్టుకుంటే ఆ స్కోరు ఇప్పటికీ నమ్మశక్యంగా అనిపించదు.

అయినా నాదల్ పక్కన ఒక్క పేరును మాత్రం నిలిపి చూడాల్సిందే. 1970లలో వెలిగిన స్వీడన్ ఆటగాడు బ్యోర్న్ బోర్గ్ ఫ్రెంచ్ ఓపెన్‌లో ఎనిమిది సార్లు ఆడి ఆరు సార్లు గెలిచాడు. 51 మ్యాచ్‌లలో రెండే ఓడాడు, ఆ రెండూ ఇటలీకి చెందిన అడ్రియానో పనాట్టా చేతిలోనే, 1973లో ఒకసారి, 1976లో మరొకసారి. శాతాల్లో చూస్తే నాదల్ గెలుపు 96.5, బోర్గ్ గెలుపు 96. నాదల్ 19 సార్లు బరిలోకి దిగి 14 గెలిచాడు, అంటే నాలుగింట మూడు వంతులకు కాస్త తక్కువ. బోర్గ్ సరిగ్గా నాలుగింట మూడు వంతులు గెలిచాడు. మట్టి మీద మిగతా టోర్నీలన్నీ కలిపితే నాదల్ 90 శాతానికి పైన, బోర్గ్ 86 శాతం దగ్గర నిలుస్తారు. కానీ ప్యారిస్‌లో మాత్రం ఇద్దరినీ విడదీసే గీత చాలా సన్ననిది.

వయసు లెక్క ఈ పోలికను మరింత బిగిస్తుంది. 1981 జూన్‌లో లెండిల్‌పై అయిదు సెట్లు ఆడి ఆరో టైటిల్ అందుకునే నాటికి బోర్గ్‌కు 25 ఏళ్లు అప్పుడే నిండాయి. 2011 జూన్‌లో ఫెడరర్‌ను ఓడించి నాదల్ తన ఆరో టైటిల్ గెలిచినప్పుడు అతడి వయసూ సరిగ్గా అంతే. ఆ రోజుకు బోర్గ్ లెక్క 49 గెలుపులు, రెండు ఓటములు; నాదల్ లెక్క 45 గెలుపులు, ఒక ఓటమి. బోర్గ్ 1977లో అమెరికాలోని జట్ల లీగ్ అయిన వరల్డ్ టీమ్ టెన్నిస్‌తో ఒప్పందం వల్ల ప్యారిస్‌కు రాలేదన్నదీ ఇక్కడ కలుపుకోవాలి. అంటే 25 ఏళ్ల దగ్గర గీత గీసి చూస్తే ఎవరు గొప్ప అన్నది నిజంగానే తేలని విషయం. 1978లో బోర్గ్ ఏడు మ్యాచ్‌లలో కలిపి ప్రత్యర్థులకు వదిలిన గేములు 32 మాత్రమే. ఫైనల్లో గిలెర్మో విలాస్ వంటి మట్టి మేటికి దక్కినవి అయిదే. నాదల్ 2017లో 35 గేములు వదిలి ఆ అంకె దాకా వచ్చాడు గానీ, అప్పుడు క్వార్టర్ ఫైనల్ మధ్యలోనే ప్రత్యర్థి తప్పుకున్నాడు. శిఖర స్థాయి ఒక్కటే కొలమానం అయితే బోర్గ్‌ను మొదటి స్థానంలో పెట్టేవారిని తప్పుపట్టలేం.

తేడా వచ్చింది ఆ తరువాత. బోర్గ్ మళ్లీ ఫ్రెంచ్ ఓపెన్ ఆడలేదు, 26 ఏళ్లకే పోటీల నుంచి తప్పుకున్నాడు. నాదల్ మరో ఎనిమిది టైటిళ్లు గెలిచాడు, చివరిది 36 ఏళ్ల వయసులో, పాదం నొప్పిని భరిస్తూ. మోకాళ్ల బాధలు, మణికట్టు గాయం, తనకంటే కుర్రవాళ్ల రెండు మూడు తరాలు ఎదురుపడినా ఆ స్థాయి సడలలేదు. ఆడకపోయిన మ్యాచ్‌లకు మార్కులు వేయడం న్యాయం కాదు కాబట్టి బోర్గ్ రెండో స్థానంలోనే ఉండాలి. అయితే అది సాటిలేని రెండో స్థానం, మూడో స్థానానికీ దానికీ మధ్య దూరం చాలా ఎక్కువ.

బోర్గ్ మీద వచ్చే అభ్యంతరాలు రెండింటిని దాటవేయకూడదు. 1970లలో టీమ్ టెన్నిస్ వివాదాల వల్ల ఫ్రెంచ్ ఓపెన్‌కు కొందరు పెద్ద ఆటగాళ్లు దూరమయ్యారు. జిమ్మీ కానర్స్ 1974 నుంచి 1978 వరకు అక్కడ ఆడనేలేదు. పైగా 1975 నుంచి 1977 వరకు యూఎస్ ఓపెన్ కూడా మట్టి మీదే జరిగింది, అక్కడ వాడింది కాస్త వేగంగా ఉండే ఆకుపచ్చ మట్టి. ఆ మూడేళ్లలో బోర్గ్ ఒక్కసారి కూడా గెలవలేదు, 1975 సెమీస్‌లోనూ 1976 ఫైనల్లోనూ కానర్స్ చేతిలోనే ఓడాడు. ఎర్రమట్టి ఇచ్చినంత సమయం ఆ ఆకుపచ్చ మట్టి ఇవ్వదన్నది నిజమే. అయినా అవి మట్టి కోర్టు గ్రాండ్‌స్లామ్‌లే. బోర్గ్ ఖాతాలో ఇది చిన్న మచ్చ. నాదల్‌తో సమానం అనే వాదనను ఇది బలహీనపరుస్తుంది, రెండో స్థానాన్ని మాత్రం కదిలించలేదు.

మూడో స్థానం దగ్గరే నిజమైన వివాదం. ఇక్కడ జొకోవిచ్ పేరు ముందుకు రావాలి. 2016, 2021, 2023 ఫ్రెంచ్ ఓపెన్ టైటిళ్లు, 2024లో అదే రోలాండ్ గారోస్ మట్టి మీద కార్లోస్ అల్కరాజ్‌ను ఓడించి గెలిచిన ఒలింపిక్ స్వర్ణం, రోమ్‌లో ఆరు, మాడ్రిడ్‌లో మూడు, మాంటెకార్లోలో రెండు టైటిళ్లు అతడివి. రోలాండ్ గారోస్‌లో వందకు పైగా మ్యాచ్‌లు గెలిచినవారు చరిత్రలో ఇద్దరే, అతడు, నాదల్. కానీ అతడి వాదనకు అసలు బలం ఓటముల్లో ఉంది. 2006 క్వార్టర్స్, 2007, 2008 సెమీస్, 2012 ఫైనల్, 2013 సెమీస్, 2014 ఫైనల్, 2020 ఫైనల్, 2022 క్వార్టర్స్, ఈ ఎనిమిది సార్లూ ప్యారిస్‌లో అతడి దారికి అడ్డుపడింది నాదలే. 2013 సెమీస్ అయిదో సెట్‌లో 9-7 దాకా సాగింది. నాదల్ లేని మరో కాలంలో ఆ ఎనిమిదిలో సగమైనా టైటిళ్లుగా మారేవని అనుకోవడం అతిశయోక్తి కాదు. అలాంటి ఊహను లెక్కలో వేయలేం, సరే. అయినా గెలిచిన వాటిలోనే చాలినంత సాక్ష్యం ఉంది. మట్టి మీద నాదల్‌ను తొమ్మిది సార్లు ఓడించాడు, వాటిలో నాలుగు మాడ్రిడ్, రోమ్, మాంటెకార్లో ఫైనల్స్‌లో. మరే ఆటగాడూ నాదల్‌ను మట్టి మీద నాలుగు సార్లకు మించి ఓడించలేదు. ఆ నాలుగు డొమినిక్ తీమ్‌వి. రోలాండ్ గారోస్‌లో నాదల్‌ను రెండు సార్లు ఓడించిన ఒకే ఒక్కడు జొకోవిచ్. 2021 సెమీస్‌లో తొలి సెట్ కోల్పోయి, తరువాతి మూడు సెట్లు గెలిచిన తీరు, ఈ ఉపరితలంపై ఒక ఆటగాడు ఆడిన అత్యుత్తమ మ్యాచ్‌లలో ఒకటి.

ఇదే తర్కం ఫెడరర్‌కూ వర్తిస్తుంది, కానీ అంత దూరం పోదు. 2005 నుంచి 2008 వరకు వరుసగా నాలుగేళ్లు ఫ్రెంచ్ ఓపెన్‌లో అతడిని ఓడించినవాడు నాదల్ ఒక్కడే. 2009లో నాలుగో రౌండ్‌లో రాబిన్ సోడర్లింగ్ నాదల్‌ను పడగొట్టినప్పుడు, ఆ ఖాళీని వెంటనే అందిపుచ్చుకుని ఫెడరర్ టైటిల్ గెలిచాడు. 81 మ్యాచ్‌ల వరుసను హాంబర్గ్‌లో తెంచినదీ అతడే. అయినా మట్టి మీద నాదల్‌పై అతడి లెక్క 2-14. మట్టి టైటిళ్లు 11. ఒక తరంలో రెండో అత్యుత్తముడిగా నాలుగేళ్లు నిలవడం గొప్పదే గానీ, ఆ రెండో స్థానంలో ఇంకా ఎక్కువ కాలం ఉండి, మొదటివాడిని ఇంకా ఎక్కువ సార్లు ఓడించినవాడు జొకోవిచ్. ఫెడరర్‌కు తొమ్మిది, పది స్థానాల దగ్గర చోటు సరిపోతుంది.

నాలుగో స్థానానికి జాబితాలు తరచూ మరిచిపోయే పేరు కెన్ రోజ్‌వాల్. 1953లో, 18 ఏళ్ల వయసులో అతడు ఫ్రెంచ్ టైటిల్ గెలిచాడు. ఆ తరువాత డబ్బు తీసుకుని ఆడే ప్రొఫెషనల్‌గా మారడంతో, అప్పటి నిబంధనల ప్రకారం 1957 నుంచి 1967 వరకు గ్రాండ్‌స్లామ్‌ల తలుపులు అతడికి మూసుకుపోయాయి. 1968లో ప్రొఫెషనల్స్‌కు ద్వారాలు తెరుచుకున్న మొట్టమొదటి గ్రాండ్‌స్లామ్ ఫ్రెంచ్ ఓపెనే. దానిని 33 ఏళ్ల రోజ్‌వాల్, ఫైనల్లో రాడ్ లేవర్‌ను ఓడించి గెలిచాడు. రెండు టైటిళ్ల మధ్య 15 ఏళ్లు. ఆ మధ్యకాలంలో అతడు ఖాళీగా లేడు. 1960, 1961, 1962లలో రోలాండ్ గారోస్ మట్టి మీదే జరిగిన ఫ్రెంచ్ ప్రో పోటీలను వరుసగా గెలిచాడు, ఆ ఫైనల్స్‌లో ఓడినవారు లూ హోడ్, పాంచో గొంజాలెస్, ఆండ్రెస్ జిమెనో. అదే కాలంలో అమెచ్యూర్ల (డబ్బు తీసుకోకుండా ఆడేవారి) ఫ్రెంచ్ టైటిల్ గెలిచినవారి రికార్డులను యథాతథంగా లెక్కించి, రోజ్‌వాల్‌కు మాత్రం రెండు అని రాయడం చరిత్రకు న్యాయం చేయదు. 1969లో ఫైనల్లో లేవర్ చేతిలో ఓడినా, అప్పటికీ అతడు ఈ ఉపరితలంపై మొదటి ఇద్దరిలో ఒకడే.

అంతకు ముందు కాలాన్ని పోల్చడం ఇంకా కష్టం. మాక్స్ డెకూజిస్ ఎనిమిది ఫ్రెంచ్ టైటిళ్లు గెలిచాడు గానీ, 1925కు ముందు ఆ పోటీ ఫ్రాన్స్ క్లబ్బుల సభ్యులకే పరిమితం. విదేశీయులకు తెరిచిన తరువాత ఆన్రీ కోషే నాలుగు సార్లు, రెనే లకోస్ట్ మూడు సార్లు గెలిచారు. వీరిని ఆధునిక వరుసలో ఇరికించడం కంటే వారి కాలపు దిగ్గజాలుగా విడిగా గౌరవించడమే సబబు.

అర్జెంటీనా ఆటగాడు విలాస్ దగ్గర టైటిళ్ల లెక్క ఎంత మోసం చేయగలదో, ఎంత నిజం చెప్పగలదో రెండూ కనిపిస్తాయి. మట్టి మీద 49 టైటిళ్లు, 1977లో ఒకే ఏడాదిలో ఫ్రెంచ్ ఓపెన్, యూఎస్ ఓపెన్ రెండూ మట్టి మీదే గెలుపు, వరుసగా 53 మట్టి మ్యాచ్‌ల విజయం. ఆ వరుస తెగిన తీరు కూడా విచిత్రమే. ఇలీ నస్తాసే రెండు వరుసల తీగలున్న రాకెట్‌తో బంతిని ఊహకందని విధంగా తిప్పుతుంటే విలాస్ మధ్యలోనే వైదొలిగాడు; అలాంటి రాకెట్‌ను తరువాత నిషేధించారు. ఆ 53 రికార్డును 2006 ఫ్రెంచ్ ఓపెన్ తొలి రౌండ్‌లో నాదల్ దాటినప్పుడు ఎదురుగా ఉన్నవాడు సోడర్లింగ్ కావడం, మూడేళ్ల తరువాత జరగబోయే దానిని తలచుకుంటే ఆసక్తికరం. కానీ విలాస్ టైటిళ్లలో చాలా భాగం చిన్న టోర్నీలవి. బోర్గ్ ఎదురైన రెండు ఫ్రెంచ్ ఫైనల్స్‌లో అతడు ఒక్క సెట్ కూడా గెలవలేదు. 1977 టైటిల్ బోర్గ్ లేని ఏడాది వచ్చింది. అయినా ఆ ఏడాది యూఎస్ ఓపెన్ ఫైనల్లో, బోర్గ్‌కు కొరకరాని కొయ్యగా మారిన కానర్స్‌ను ఓడించింది విలాసే. ఆ గెలుపు అతడిని అయిదో స్థానంలో నిలబెడుతుంది.

థామస్ మస్టర్ పరిస్థితి ఇంచుమించు ఇలాంటిదే, కాస్త కింది మెట్టున. మొత్తం 44 టైటిళ్లలో 40 మట్టి మీదే వచ్చాయి. 1989లో మియామీ ఫైనల్‌కు ముందు కారు ఢీకొని మోకాలి కండరబంధాలు తెగిపోతే, ప్రత్యేకంగా చేయించిన కుర్చీలో కూర్చుని బంతులు కొడుతూ సాధన చేసిన మనిషి అతడు. 1995లో మట్టి మీద వరుసగా 40 మ్యాచ్‌లు గెలిచి, మైకేల్ చాంగ్‌ను ఓడించి ఫ్రెంచ్ ఓపెన్ అందుకున్నాడు. ప్యారిస్‌లో అది ఒక్కటే కావడం అతడిని ఎనిమిదో స్థానానికి దించుతుంది.

మధ్యలో మిగిలినవారు లెండిల్, కుయెర్టెన్, విలాండర్. లెండిల్, విలాండర్ 1980లలో అయిదేసి ఫైనల్స్ ఆడి మూడేసి గెలిచారు, ఫైనల్స్‌లో ఒకరినొకరు చెరోసారి ఓడించుకున్నారు. 1984లో అప్పటికి ఆ ఏడాది ఒక్క మ్యాచ్ కూడా ఓడని జాన్ మెకెన్రో మీద రెండు సెట్లు వెనకబడి లెండిల్ గెలవడం మట్టి స్వభావాన్ని చూపే ఫలితం. అదే గడ్డి మీద అయితే ఆ ఆధిక్యం తరిగేది కాదు. విలాండర్ 1982లో 17 ఏళ్ల వయసులో లెండిల్, గెరులైటిస్, క్లెర్క్, విలాస్‌లను వరుసగా ఓడించాడు. క్లెర్క్‌తో సెమీస్‌లో మ్యాచ్ పాయింట్ మీద అంపైర్ తనకు అనుకూలంగా తీర్పు ఇచ్చినా, బంతి లోపలే పడిందని చెప్పి ఆ పాయింటును మళ్లీ ఆడించాడు. క్రీడాస్ఫూర్తికి మార్కులుంటే అతడే అగ్రస్థానం. నిలకడగా వచ్చిన ఫలితాల బలం లెండిల్‌ను ఆరో స్థానంలో ఉంచితే, కుయెర్టెన్ ఏడో స్థానంలో విలాండర్‌తో కలిసి నిలుస్తాడు. 1997లో 66వ ర్యాంకుతో వచ్చి మస్టర్, కఫెల్నికోవ్, బ్రుగేరా అనే ముగ్గురు మాజీ విజేతలను ఒకే టోర్నీలో ఓడించినవాడు కుయెర్టెన్. తుంటి గాయంతో అప్పటికే కుంటుపడిన రోజుల్లో, 2004లో, ప్రపంచ నంబర్ వన్ ఫెడరర్‌ను ప్యారిస్‌లో వరుస సెట్లలో ఓడించినవాడూ అతడే. శరీరం సహకరించి ఉంటే అతడి పేరు ఇంకా పైన ఉండేది.

ఇక అల్కరాజ్. 2024, 2025 ఫ్రెంచ్ ఓపెన్లు గెలిచాడు. రెండోది, జానిక్ సిన్నర్ మీద రెండు సెట్లు వెనకబడి, మూడు చాంపియన్‌షిప్ పాయింట్లు కాచుకుని, 5 గంటల 29 నిమిషాల్లో గెలిచినది, ఆ టోర్నీ చరిత్రలోనే అతి సుదీర్ఘమైన ఫైనల్. 22 ఏళ్లకు నాదల్ నాలుగు, బోర్గ్ మూడు గెలిచి ఉండగా అతడు రెండు గెలిచాడు, అంటే వారికి మరీ దూరంగా లేడు. కానీ జిమ్ కొరియర్ 1991, 1992లలో, సెర్గీ బ్రుగేరా 1993, 1994లలో ఇలాగే వరుసగా రెండేసి గెలిచారు. 23 ఏళ్లు వచ్చేసరికే ఇద్దరి ఖాతాలోనూ రెండేసి ఉన్నాయి, ఆ తరువాత చెరో ఫైనల్ ఆడినా మూడోది రాలేదు. 2025 ముగిసే నాటికి ఉన్న ఫలితాలతో అల్కరాజ్‌ను వారిద్దరి కంటే పైన, ఫెడరర్ పక్కన పదో స్థానంలో ఉంచవచ్చు. మాడ్రిడ్, రోమ్, మాంటెకార్లో మూడూ అప్పటికే గెలిచి ఉండటమే దానికి ఆధారం.